మతి తప్పడం వేరు, తప్పించడం వేరు

కొన్ని మాటలు ఎక్కడో పుట్టి, ఊళ్ళన్నీ తిరిగి, మన వాకిటికి చేరేసరికి సగం అరిగిపోయి ఉంటాయి. ఇటీవల తెలుగువారి సంభాషణల్లోకి కూడా ప్రవేశించిన "గ్యాస్‌లైటింగ్" అనే ఆంగ్లపదం అటువంటిది. పాలు తెమ్మని తాను చెప్పానని భార్య, చెప్పలేదని భర్త వాదించుకుంటే అది గ్యాస్‌లైటింగ్. ఎన్నికల ముందు ఇచ్చిన హామీని నాయకుడు తర్వాత కాదంటే అదీ గ్యాస్‌లైటింగే. స్నేహితుడు మన అభిప్రాయంతో ఏకీభవించకపోయినా అదే మాట. ఒక మాటకు ఇన్ని పనులు అప్పగిస్తే, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పని చేసే ఓపిక దానికి మిగలదు. ఈ పదానికి అసలు అర్థమేమిటి, దాన్ని ఎందుకు కాపాడుకోవాలి, తెలుగులో దాన్ని ఏమనాలి అన్న మూడు విషయాల గురించి నాకు తోచింది చెబుతాను.

ముందుగా ఒక చిన్న చిక్కు. ఈ పదాన్ని ఉన్నదున్నట్టుగా తెలుగులోకి తెచ్చుకుంటే మనవాళ్ళకు స్ఫురించేది వేరు. గ్యాసులైటు అనగానే నా తరంవారికి గుర్తుకొచ్చేది పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకుని మోసే పెట్రోమాక్సు దీపం. ఆ తర్వాతి తరంవారికి "గ్యాసు కొట్టడం" గుర్తుకొస్తుంది, అంటే కోతలు కోయడం. "ఆయన ఆమెను గ్యాస్‌లైట్ చేశాడు" అని నేనొకసారి ఒక పెద్దాయనతో అంటే, "ఆ, గ్యాసు కొట్టడంలో వాడు మొదట్నుంచీ ఘనుడే" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. కోతలు కోసేవాడు తనను గొప్పచేసుకుంటాడు. మనం మాట్లాడుకుంటున్నవాడు ఎదుటి మనిషిని తనకు తానే కొరగానిదాన్నని అనుకునేటట్టు చేస్తాడు. రెంటికీ పోలికే లేదు.

ఈ పదం ఒక నాటకం నుంచి వచ్చింది. ఆంగ్ల రచయిత ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో "గ్యాస్ లైట్" అనే నాటకం రాశాడు. కథాకాలం పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగం, స్థలం లండన్. మానింగ్‌హామ్ దంపతుల ఇల్లు. గోడకున్న పటం మాయమవుతుంది, వస్తువులు కనిపించకుండా పోతాయి. తీసింది భర్తే. కాని భార్య బెల్లాతో "నువ్వే తీశావు, తీసి మరిచిపోయావు" అంటాడు. పనివాళ్ళ ఎదుట నిలదీస్తాడు. మధ్యమధ్య ప్రేమగానూ మాట్లాడతాడు. కొన్నాళ్ళకు ఆమెకు తన మనస్సు మీద తనకే నమ్మకం పోతుంది. అసలు సంగతేమిటంటే, అతడు చాలా ఏళ్ళ కిందట అదే ఇంట్లో ఒక ముసలామెను కెంపుల కోసం హత్య చేసినవాడు. ఆ కెంపులు అప్పుడు దొరకలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం బయటికి వెళ్ళినట్టు వెళ్ళి, దొంగచాటుగా తిరిగివచ్చి, మూసి ఉంచిన పై అంతస్తులో వాటికోసం వెదుకుతుంటాడు.

ఇదే కథతో 1940లో ఇంగ్లండులో ఒక సినిమా, 1944లో అమెరికాలో మరొక సినిమా వచ్చాయి. రెండోదానికి దర్శకుడు జార్జ్ క్యూకర్. అందులో భార్యగా నటించిన ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమతి లభించింది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. భార్యను పిచ్చిదాన్ని చేయడానికి భర్త కావాలని దీపాన్ని తగ్గించేవాడనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ తరచుగా చెబుతుంటారు. కథలో జరిగింది అది కాదు. ఆ రోజుల్లో ఇళ్ళలోకి గొట్టాల ద్వారా వచ్చే బొగ్గు వాయువుతో దీపాలు వెలిగేవి. ఒక గదిలో కొత్తగా దీపం వెలిగిస్తే ఒత్తిడి తగ్గి, మిగతా గదుల్లో వెలుగు కాస్త కుంగేది. భర్త పై అంతస్తులో దీపం వెలిగించుకున్నప్పుడల్లా కింద ఆమె గదిలో దీపం మసకబారేది. ఇది అతడు పన్నిన పన్నాగం కాదు, అతడు దాచలేకపోయిన ఆనవాలు. ఇంట్లో అందరి మాటా ఆమెకు ఎదురుగా ఉన్నప్పుడు నిజం చెబుతూ వచ్చింది ఆ ఒక్క దీపమే. అంటే ఈ పదం మోసపు సాధనం పేరు మీద కాక సాక్ష్యం పేరు మీద పుట్టింది. ఈ సంగతి చిన్నదిగా కనిపించినా, నేను చివర చెప్పబోయేదానికి ఇదే ఆధారం.

నాటకం నుంచి నిఘంటువు దాకా ఈ పదం నెమ్మదిగానే ప్రయాణించింది. 1969లో బార్టన్, వైట్‌హెడ్ అనే ఇద్దరు వైద్యులు "లాన్సెట్" పత్రికలో ఈ నాటకం పేరునే శీర్షికలో పెట్టి ఒక వ్యాసం ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్నవారిని మతి చెడినవారిగా చూపించి వదిలించుకోజూసిన బంధువుల గురించి అది. 2007లో రాబిన్ స్టెర్న్ అనే మనస్తత్వవేత్త దీనిపై ఒక పుస్తకం రాశారు. 2022లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువువారు దీన్ని ఆ సంవత్సరపు పదంగా ప్రకటించారు. ఆ ఏడాది దీని అర్థం కోసం వెదికినవారి సంఖ్య 1740 శాతం పెరిగిందని వారే చెప్పారు. అప్పుడే వారు ఇంకొక మాట కూడా చెప్పారు. పాత అర్థంతో పాటు, స్వలాభం కోసం ఇతరులను ఘోరంగా తప్పుదారి పట్టించడం అన్న విశాలార్థంలో కూడా ఈ పదం వాడుకలో స్థిరపడిందని.

భాషాశాస్త్రంలో దీన్ని అర్థవ్యాప్తి అంటారు. నిఘంటుకర్తల తప్పేమీ లేదు. వాడుకను నమోదు చేయడమే వారి పని. కాని వాడుకలో ఉన్నదంతా మనం దిగుమతి చేసుకోవాలన్న నియమం లేదు. ఇతరులను తప్పుదారి పట్టించడానికి తెలుగులో మాటలకు కరువా? మోసం, దగా, వంచన, టోకరా, బురిడీ; మభ్యపెట్టడం, ఏమార్చడం, బుకాయించడం, బుట్టలో వేయడం; చెవిలో పువ్వు పెట్టడం, కళ్ళకు గంతలు కట్టడం, కుచ్చుటోపీ, పంగనామాలు, శఠగోపం. దేవుడి సన్నిధిలో భక్తుడికి పెట్టే నామాన్నీ, శఠగోపాన్నీ కూడా మోసానికి వాడుకున్న జాతి మనది. ఈ సంపద ఉండగా మరొక సాధారణమైన మాట మనకు అవసరం లేదు. అవసరమున్నదల్లా ఆ పదానికున్న ప్రత్యేకార్థం.

ఆ ప్రత్యేకార్థానికి నేను మూడు గుర్తులు పెట్టుకున్నాను.

మొదటిది, దెబ్బ ఎక్కడ తగులుతుందన్నది. అబద్ధం ఆడేవాడు ఒక విషయాన్ని దాస్తాడు. ఇక్కడ దాడి విషయం మీద కాదు, విషయాన్ని తెలుసుకునే శక్తి మీద. "అది జరగలేదు" అనడం బుకాయింపు. "అది జరిగిందని నీకు అనిపిస్తోందంటే నీకేదో అయింది" అనడం ఇది.

రెండోది, వ్యవధి. ఒక్కసారి ఆడిన అబద్ధంతో ఈ పని కాదు. చెద పట్టినట్టు, రోజుకింత చొప్పున జరగాలి.

మూడోది, నమ్మకం. దారినపోయేవాడు "నీకు మతిలేదు" అంటే నవ్వుకుని పోతాం. మనం నమ్మినవాడు, మనమీద ఏదో ఒక అధికారమున్నవాడు అంటే ఆలోచనలో పడతాం. భర్త, తండ్రి, కొడుకు, పై అధికారి, వైద్యుడు - ఇలాంటివారికే ఇది సాధ్యం. దీన్ని కేవలం వ్యక్తుల మనస్తత్వంగా కాక, సమాజంలోని ఎక్కువ తక్కువల నుంచి పుట్టే విషయంగా చూడాలని పెయిజ్ స్వీట్ అనే సమాజశాస్త్రవేత్త 2019లో ఒక పరిశోధనావ్యాసంలో ప్రతిపాదించారు. ఆడవాళ్ళ మాటకు విలువ తక్కువ ఉన్న చోట ఆడదాని జ్ఞాపకానికి మాత్రం విలువ ఎక్కడిది?

ఈ గీటురాయి మీద గిరీశాన్ని పరీక్షించి చూడండి. "కన్యాశుల్కం"లో అతడు కోయని కోత లేదు, ఆడని అబద్ధం లేదు. వెంకటేశాన్ని ఏమారుస్తాడు, పూటకూళ్ళమ్మకు ఎగనామం పెడతాడు. అయినా వాళ్ళలో ఎవరికీ తమ కళ్ళమీద తమకు నమ్మకం పోదు. పూటకూళ్ళమ్మ తాను మోసపోయానని తెలుసుకుంటుంది, చీపురు పట్టుకుని మరీ వస్తుంది. మోసపోయినవాళ్ళకు చీపురైనా దక్కుతుంది. మనం చెప్పుకుంటున్నదానికి లోనైనవాళ్ళకు అదీ ఉండదు. కొట్టవలసిందెవర్నో తెలిస్తే కదా చీపురు ఎత్తేది.

మన పాత కథల్లో దీనికి దగ్గరగా వచ్చేది మేకను మోసుకెళ్ళే బ్రాహ్మణుడి కథ. పంచతంత్రంలోని కాకోలూకీయంలోనూ, హితోపదేశంలోనూ ఉంది. యజ్ఞం కోసం మేకను భుజాన వేసుకుని పోతున్నవాడికి ముగ్గురు ధూర్తులు విడివిడిగా ఎదురై "అయ్యో, కుక్కను మోస్తున్నారేమిటి" అంటారు. మొదటివాడు అన్నప్పుడు కోప్పడ్డాడు. రెండోవాడు అన్నప్పుడు దించి చూసుకున్నాడు. మూడోవాడు అనేసరికి తన కళ్ళనే అనుమానించి, మేకను వదిలేసి పోయాడు. మనం చిన్నప్పుడు ఈ కథ విని బ్రాహ్మణుడి తెలివితక్కువతనానికి నవ్వుకున్నాం. అది నవ్వవలసిన కథ కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో 1950ల ప్రాంతంలో కొన్ని ప్రయోగాలు చేశాడు. ఒక గీత చూపించి, దానితో సమానమైన గీత పక్కనున్న మూడింటిలో ఏదో చెప్పమంటారు. చిన్నపిల్లలైనా చెప్పగలిగినంత తేలిక. అయితే గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళందరూ ముందే కూడబలుక్కుని తప్పు సమాధానం చెబుతారు. ఆ ఒక్కడు ఏం చేస్తాడన్నదే ప్రయోగం. మొత్తం మీద మూడో వంతు సందర్భాల్లో వాళ్ళు తమ కళ్ళను కాదని గుంపు మాటే చెప్పారు. ఎదుట ఒక్కడే ఉన్నప్పుడు దాదాపు ఎవరూ లొంగలేదు. ఇద్దరైతే కొంత. ముగ్గురయ్యేసరికి ప్రభావం ఇంచుమించు పూర్తి స్థాయికి చేరింది. అంతకంటే మందిని పెంచినా పెద్ద తేడా రాలేదు. మన కథకుడు ధూర్తులను ముగ్గుర్నే ఎందుకు పెట్టాడో గాని, లెక్క మాత్రం తప్పలేదు.

ఆ ప్రయోగాల్లోనే మరొక ఫలితముంది. గదిలో ఇంకొక్క మనిషి సరైన సమాధానం చెబితే చాలు, లొంగుబాటు నాలుగో వంతుకు పడిపోయింది. గుంపు అలాగే ఉంది, తప్పు సమాధానాలు అలాగే ఉన్నాయి. "నాకూ అలాగే కనిపిస్తోంది" అన్నవాడు ఒక్కడు చాలాడు.

ఇక నేను ఈ పదం గురించి ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

మా నాన్నగారికి వరసకు చెల్లెలయ్యే ఒక అత్తయ్య ఉండేది. వేసవి సెలవులకు మేం పిల్లలమంతా వాళ్ళ ఊరు వెళ్ళేవాళ్ళం. అత్తయ్యకు మతిమరుపు అన్నది మా బంధువర్గంలో అందరికీ తెలిసిన విషయం. ఆమె పుట్టింటివారు పెట్టిన కాసులపేరును తానే ఎక్కడో పెట్టి మరిచిపోయిందని చెప్పుకునేవారు. తర్వాత గాజులు. తర్వాత వెండి చెంబు. మామయ్య ఎంతో ఓపికగా, నలుగురి ఎదుటా, "పాపం, దానికేం తెలుసు, పెట్టిన చోటు గుర్తుండదు" అనేవాడు. ఆయన సహనాన్ని అందరూ మెచ్చుకునేవారు. అత్తయ్య ఏ గదిలోకి వచ్చినా మేం పిల్లలం "అత్తయ్యా, ఎందుకొచ్చావో గుర్తుందా?" అని అడిగి పకపకా నవ్వేవాళ్ళం. ఆమె కూడా మాతోపాటు నవ్వేది. కాసేపటికి నిజంగానే ఎందుకొచ్చిందో మరిచిపోయి వెళ్ళిపోయేది.

మామయ్య పోయిన ఏడాది, అటక మీది ట్రంకుపెట్టె దించి కాగితాలు సర్దుతుంటే అడుగున తాకట్టు చీటీలు బయటపడ్డాయి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. కళ్ళజోడు కనిపించడం లేదు, నువ్వు చదవమని అత్తయ్య నాకిచ్చింది. కాసులపేరు, తూకం, తారీఖు. గాజులు, తూకం, తారీఖు. అన్నీ చదివాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంతసేపటికి "అయితే నేను మరిచిపోలేదన్నమాట" అంది. అంతే. నగల మాట ఎత్తనే లేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె పడుకునే ముందు తలుపు గడియ రెండు మూడుసార్లు చూసుకునేది. చీటీలు దొరికినంత మాత్రాన పోయిన నమ్మకం తిరిగి రాలేదు.

మామయ్య చేసింది దొంగతనం. దానికి పేరుంది. అబద్ధమాడాడు. దానికీ పేరుంది. కాని ఆమె బుర్రను ఆమెకే పరాయిదిగా చేశాడే, దానికి మా ఇంట్లో పేరు లేదు. పేరు లేనిదాని మీద ఫిర్యాదు ఎలా చేస్తారు? "నా మనస్సు మీద నాకు నమ్మకం పోయేటట్టు చేస్తున్నారు" అని ఆమె అనగలిగి ఉంటే, మేం దాన్ని కూడా మతిమరుపు కింద జమకట్టి ఉండేవాళ్ళమేమో. ఆ ముగ్గురు ధూర్తుల్లో మొదటివాడు మామయ్య అయితే, రెండోవాడూ మూడోవాడూ మేమే. మాకు మేక మీద ఆశ కూడా లేదు, ఊరికే నవ్వుకోవడానికి అన్నాం.

ఇప్పుడు చట్టాలు కొంత ముందుకు వచ్చాయి. మన దేశంలో గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం మాటలతో పెట్టే హింసనూ, మానసిక హింసనూ కూడా హింసగానే లెక్కించింది. బ్రిటన్‌లో 2015 నాటి చట్టం, దగ్గరి సంబంధంలో ఉన్నవారిని అదుపులో పెట్టుకుని నిర్బంధించే ప్రవర్తనను నేరంగా పేర్కొంది. కాని చట్టం దాకా వెళ్ళాలంటే ముందు బాధితురాలి నోట మాట ఉండాలి. ఆ మాట పాలప్యాకెట్ తగువుకూ, రాజకీయ ప్రసంగానికీ అరిగిపోయి ఉంటే, ఆమె దాన్ని వాడిన రోజున "ఈ రోజుల్లో అందరూ అనేదేగా" అని తోసిపుచ్చుతారు. అర్థవ్యాప్తి మీద నా అభ్యంతరం భాషాభిమానానికి సంబంధించింది కాదు. ఆ మాట అవసరమున్నవారి చేతిలోంచి దాన్ని మనం లాక్కుంటున్నామన్నదే నా బాధ.

మరి తెలుగులో ఏమనాలి? మొదట నాకు "మతిమరిపింపు" తోచింది. మతిమరుపు దానంతటది వచ్చేది, మతిమరిపింపు ఇంకొకరు తెచ్చేది. వ్యాకరణరీత్యా బాగానే ఉంది. కాని మరిపించడంలో ఒక లాలన ఉంది. ఏడ్చే పిల్లవాడిని మరిపిస్తాం. ఆ మంచిమాటను ఈ పాపానికి వాడబుద్ధి కాలేదు. "భ్రమ కల్పించడం" అంటే ఎండమావి కూడా కల్పిస్తుంది, అందులో నేరస్థుడు కనిపించడు.

ఆలోచించగా మనకు మాట ఉందనిపించింది, కాకపోతే అది దోషి నోట్లో ఉంది. "నీకు మతి తప్పింది" అనేది అతడి మాట. దానికి ప్రేరణార్థకం చేస్తే చాలు. మతి తప్పలేదు, తప్పించారు. తప్పించడానికి ఆపద నుంచి కాపాడడమనే అర్థం కూడా ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. "దారి తప్పించాడు" అంటే మనమెవరమూ కాపాడాడని అర్థం చేసుకోము. దారి తప్పించడం లాగానే మతి తప్పించడం. ఒక్క ప్రత్యయంతో నేరం ఎవరిదో తేలిపోతుంది. చదువుకోని మా అత్తయ్యకు కూడా విన్న వెంటనే తెలిసే మాట. నామవాచకం కావలసినప్పుడు "మతితప్పింపు" అనుకోవచ్చు. ఇంతకంటే మంచిది మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, నాది వెనక్కి తీసుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

అయితే పేరు పెట్టడంతో పని పూర్తికాదు. ఆ నాటకంలో బెల్లాను ఆదుకున్నది వైద్యమో, ఓదార్పో కాదు. పాత నేరాన్ని తవ్వుతూ వచ్చిన ఒక పోలీసు అధికారి ఆమె గదిలో కూర్చుని, దీపం మసకబారడం తన కళ్ళతో చూశాడు. ఆమె చూసిందే అతడూ చూశాడు. అక్కడి నుంచి ఆమె తన బుద్ధిని తాను తిరిగి నమ్మడం మొదలుపెట్టింది. ఆష్ ప్రయోగంలో ఆ ఒక్క మనిషి చేసిందీ ఇదే. మన ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు "దీపం తగ్గుతోంది" అని మెల్లగా అంటూ ఉండవచ్చు. అప్పుడు వారి మొహం చూసి నవ్వకుండా, ఒకసారి తలెత్తి దీపం వైపు చూడాలి. అత్తయ్య విషయంలో నేను చేయని పని అదే.